సర్ గంగారాం డాక్టర్ కాదు, మెరక భూములకు నీళ్లెక్కించిన ఇంజినీరు

ఢిల్లీలో సర్ గంగారాం హాస్పిటల్ ఉంది కదా, ఆ గంగారాం పెద్ద డాక్టరా అని ఒకరు అడిగారు. కాదండీ, సివిల్ ఇంజినీరు. దగ్గరి బంధువుకు తోడుగా ఆ హాస్పిటల్లో ఉన్న రోజుల్లో ఆయన గురించి వెతికి చదివాను. ఇరిగేషన్‌లో, అందులోనూ ఎత్తిపోతల పథకాల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆయనంటే నాకు అభిమానం ఇంకాస్త ఎక్కువే.

1851లో పంజాబ్‌లోని మంగ్తాంవాలాలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రిది పోలీసు శాఖలో చిన్న ఉద్యోగం. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి 1873లో బయటికొచ్చారు. లాహోర్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా జనరల్ పోస్టాఫీసు, మ్యూజియం, ఐచిసన్ కాలేజీ లాంటి భవనాలు కట్టించారు. ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఈ భవనాల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ఆయన అసలు పనితనం సర్కారు ఉద్యోగం వదిలాకే కనిపిస్తుంది.

పంజాబ్‌లో పెద్ద పెద్ద కాలువలు తవ్వినా, కాలువ మట్టం కంటే ఎత్తున్న నేలలు బీళ్లుగానే ఉండిపోయేవి. మాంట్‌గోమరీ (ఇప్పటి సాహివాల్) జిల్లాలో అలాంటి బీడు వేల ఎకరాలు ప్రభుత్వం దగ్గర కౌలుకు తీసుకున్నారు. నీళ్లెక్కించే ఖర్చు మొత్తం తనదే. రేనాలా దగ్గర లోయర్ బారీ దోఆబ్ కాలువకు డ్రాప్ ఉంది, అంటే కాలువ నీరు మెట్టు దిగినట్టు కిందికి పడే చోటు. అక్కడ కిందికి పడే నీటితో టర్బైన్లు తిప్పి, ఆ కరెంటుతోనే పంపులు నడిపి నీటిని మెరకకు ఎక్కించారు. 1925లో మొదలైన ఆ విద్యుత్ కేంద్రం ఒక మెగావాట్ చిల్లర, అంతే.

దీని విలువ పంప్‌హౌస్‌లో పనిచేసినవాళ్లకు బాగా తెలుస్తుంది. మా దగ్గర మొదటిసారి మోటార్ ఆన్ చేసినప్పుడు డెలివరీ సిస్టర్న్‌లో (పంపు ఎక్కించిన నీళ్లు వచ్చి పడే తొట్టిలో) ముందు గాలి బుస్సుమంటూ తన్నుకొస్తుంది, వెనకాలే ఎర్రటి బురద నీళ్లు ఉబికి పొంగుతాయి. రైతులు కొబ్బరికాయలు కొట్టి, పసుపు కుంకుమలు చల్లి దండం పెడతారు. ఆ సంబరం అయిన మర్నాటి నుంచే మాకు కరెంటు బిల్లు టెన్షన్. పంపులు బిగించడం ఎలాగోలా అయిపోతుంది, వాటిని ఏటేటా నడిపే దగ్గరే చాలా పథకాలు చతికిలబడతాయి. కాలువ నీటి చేతే దాన్ని మెరకకు ఎక్కించే ఖర్చు పెట్టించిన మనిషిని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇంకో ముచ్చట. లాయల్‌పూర్ (ఇప్పటి ఫైసలాబాద్) జిల్లాలో ఆయన వ్యవసాయం చేయించిన గంగాపూర్‌కు భారీ మోటారు చేర్చాలి, బండి వెళ్లే దారి లేదు. బుచియానా రైల్వే స్టేషన్ నుంచి ఊరిదాకా పట్టాలు వేయించి, గుర్రంతో ట్రాలీ లాగించారు. ఆ ఘోడా ట్రెయిన్ తర్వాత దశాబ్దాల పాటు ఊరి జనాన్ని మోసింది.

సేద్యంలో సంపాదించింది అంతే ధారాళంగా ఇచ్చేశారు. 1921లో లాహోర్‌లో ఉచిత ఆసుపత్రి కట్టించారు. 1923లో ట్రస్టు పెట్టి ఆస్తులు రాసిచ్చారు, తను పోయాక కూడా సంస్థలు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నడవాలని. వితంతు వివాహాలకు సభ పెట్టి డబ్బిచ్చారు, వితంతువులకు ఆశ్రయం కల్పించారు. మన కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో 1881లోనే మొదటి వితంతు వివాహం జరిపించి ఎన్ని తిట్లు తిన్నారో తెలిసినవాళ్లకు, ఆ రోజుల్లో దీనికి ఎంత గుండె కావాలో చెప్పక్కర్లేదు.

1927 జులైలో లండన్‌లో కన్నుమూశారు. అస్థికలు కొంత గంగలో కలిపారు, మిగతావాటితో లాహోర్‌లో సమాధి కట్టారు. దేశ విభజనతో లాహోర్ ఆసుపత్రి అటే ఉండిపోయింది, ఇప్పటికీ అదే పేరుతో నడుస్తోంది. మొదట చెప్పిన ఢిల్లీ హాస్పిటల్‌కు 1951లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1954 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. మీరు గనక సివిల్ చదువుతుంటే రేనాలా కేంద్రం గురించి తప్పకుండా వెతికి చదవండి.