టెక్ సందేహాలు: జిల్లా మ్యాప్ రాలేదని షీటంతా అప్‌లోడ్ చేయకండి

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్పుల లెక్కలతో స్ప్రెడ్‌షీట్‌లో జిల్లాలవారీ మ్యాప్ చార్ట్ వేస్తున్నాను. ములుగు, నారాయణపేట ఖాళీగా ఉంటున్నాయి. వరంగల్ ఏమో ఉండాల్సిన దానికన్నా చాలా పెద్దగా వస్తోంది. షీట్ అప్‌లోడ్ చేస్తే మ్యాప్ గీసిచ్చే ఉచిత వెబ్‌సైట్ ఒకటి ఉందని ఫ్రెండ్ చెప్పాడు. వాడొచ్చా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వాడొద్దు. ఎందుకో చెప్పేముందు మ్యాప్ సంగతి చూద్దాం. రెండు రాష్ట్రాల నుంచీ ఇదే ఫిర్యాదు పదే పదే వస్తోంది. స్పెల్లింగ్ తప్పేమోనని అందరూ పేర్లు మార్చి మార్చి కొడుతున్నారు.

చాలాసార్లు మీ స్పెల్లింగ్‌లో తప్పేమీ ఉండదు. మీరు ఇచ్చిన పేర్లను ప్రోగ్రామ్ నెట్ ద్వారా ఒక మ్యాప్ సర్వీసుకు పంపి, అక్కడున్న జాబితాతో పోలుస్తుంది. తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. ఆ సర్వీసు జాబితా ఏ ఏడాది దగ్గర ఆగిపోయిందో మనకెవరూ చెప్పరు.

ఖాళీగా ఉన్న ములుగు కన్నా మీ వరంగల్‌తోనే అసలు చిక్కు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్‌కు వరంగల్ అనే పేరొచ్చింది. పాత ఉమ్మడి జిల్లాకూ పేరు అదే. ఇప్పటి చిన్న జిల్లా అంకె తీసుకెళ్లి పాత జిల్లా మొత్తానికి రంగు పూస్తే చూసేవాళ్లు నిజమనే నమ్ముతారు. ఇన్ని శాతం ప్రాంతాలే గుర్తుపట్టానని చార్ట్ మూలన ఒక చిన్న గుర్తు పెట్టి చేతులు దులుపుకోవడం ఏం డిజైన్? ఏ వరుసలో తేడా వచ్చిందో చెప్పాలి కదా!

జిల్లా పక్కన రాష్ట్రం, దేశం వేర్వేరు కాలమ్స్‌గా పెట్టి చూడండి. బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది, హిమాచల్‌లోనూ ఉంది. అలాంటివి దీంతోనే సర్దుకుంటాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పేర్ల చివర కంటికి కనిపించని ఖాళీ ఉండిపోతుంది. అదనపు ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫార్ములాకు కూడా అది పోకపోవచ్చు, పేరును చేత్తో మళ్లీ టైప్ చేయండి. అయినా రాకపోతే ఆ చార్ట్‌ను వదిలేయండి, సరిహద్దులు దాని దగ్గర లేవన్నమాట.

ఇక ఆ ఉచిత వెబ్‌సైట్. మ్యాప్‌కు కావాల్సింది జిల్లా పేరు, ఒక అంకె, అంతే. మీరు అప్‌లోడ్ చేసే షీట్‌లో ఏముంటాయి? పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్. కాలమ్ హైడ్ చేశాం కదా అంటారు. హైడ్ చేస్తే మీ కంటికి కనపడదంతే, ఫైల్‌లో అలాగే ఉంటుంది. ఆ సైట్ ఎవరిదో, ఫైల్‌ను ఎన్నాళ్లు దాచుకుంటుందో మీకు తెలుసా? స్కాలర్‌షిప్ వచ్చిందంటూ ఆ తల్లికి ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాడికి ఇంతకన్నా మంచి జాబితా దొరకదు. పిల్లాడి పేరు, క్లాసు సరిగ్గా చెబితే ఆమె నమ్మకుండా ఎలా ఉంటుంది?

సైట్ల దాకా వెళ్లకుండానే ఈ పొరపాటు ఆఫీసుల్లో రోజూ జరుగుతోంది. చార్ట్ కాపీ చేసి ప్రెజెంటేషన్‌లో పేస్ట్ చేసేటప్పుడు ఎంబెడ్ అని ఎంచుకుంటే వర్క్‌బుక్ మొత్తం, అంటే అన్ని షీట్లున్న ఆ ఫైలంతా దాంతోపాటు వెళ్లిపోతుంది. దాతలకు మెయిల్ చేసిన స్లైడ్‌లో చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా నొక్కితే పిల్లల వివరాలన్నీ తెరుచుకుంటాయి. చార్ట్‌ను ఎప్పుడూ పిక్చర్‌గానే పేస్ట్ చేయండి. ఇప్పటికే పంపిన ఫైళ్లుంటే ఈ రోజే తెరిచి చూడండి.

మ్యాప్ కోసం క్యూజీఐఎస్ (QGIS) అనే మ్యాపులు గీసే ప్రోగ్రామ్ వాడండి. ఉచితం, సరిహద్దుల ఫైల్ ఒక్కసారి దించుకుంటే నెట్ లేకుండానే మీ కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. తెలంగాణకైతే ఆ ఫైల్ 2021 తర్వాతిదై ఉండాలి. జిల్లాలను పేర్లతో కాకుండా కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని జిల్లా కోడ్‌తో కలపండి. అప్పుడు కొమురం భీం అని రాసినా కుమురం భీం అని రాసినా ఇబ్బంది లేదు. అందులోకి కూడా జిల్లా కోడ్, మొత్తం అంకె ఉన్న రెండు కాలమ్స్ కొత్త ఫైల్‌గానే తీసుకెళ్లండి.