‘వేర్‌ఫోర్’ అంటే ‘ఎక్కడ’ అనా, ‘ఎందుకు’ అనా?

ఇంగ్లీషులో ‘వేర్‌ఫోర్’ (wherefore) అంటే ‘ఎందుకు’, ‘ఏ కారణంచేత’ అని. ‘ఎక్కడ’ అని కాదు.

ఇది ‘వేర్’, ‘ఫర్’ కలిసి పుట్టిన మాట. ‘వేర్’ విడిగా ఉంటే చోటును అడుగుతుంది, నిజమే. కానీ ఇలాంటి జంట మాటల్లో అది ‘ఏది’కి బదులుగా నిలుస్తుంది. ‘ఫర్’ అంటే కోసం. వెరసి ‘దేనికోసం’. మనం ‘దేనికి వచ్చావు?’ అని కారణం అడుగుతామే, అచ్చం అలాగే. ‘వేర్‌బై’ (దేనిద్వారా), ‘వేరిన్’ (దేనిలో) కూడా ఇదే పద్ధతిలో ఏర్పడ్డాయి.

షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’లో ‘వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో?’ అని జూలియట్ అంటుంది. ‘రోమియో, ఎక్కడున్నావు?’ అని వెతుకుతోందనుకోవడమే అందరూ చేసే పొరపాటు. ఆమె అతన్ని వెతకడం లేదు; అతను మేడ కిందే నిలబడి వింటున్న సంగతి కూడా ఆమెకు తెలియదు. ‘నువ్వు రోమియోవి ఎందుకయ్యావు?’ అన్నది ఆమె వేదన. తమకు శత్రువులైన మాంటెగ్యూల ఇంట ఎందుకు పుట్టావని. ఆ వెంటనే ‘నీ తండ్రిని కాదను, నీ పేరు వదులుకో’ అంటుంది. ‘ఎక్కడ’ అని చదివితే ఈ రెండో మాటకు పొంతనే ఉండదు, ఆ ఘట్టంలోని బాధంతా పోతుంది.

నేటి ఇంగ్లీషులో ఈ మాట మామూలు సంభాషణలో వినపడదు. ‘వైస్ అండ్ వేర్‌ఫోర్స్’ అనే జాతీయంలో, అంటే ‘కారణాలన్నీ’ అనే అర్థంలో, మిగిలింది. కోర్టు పత్రాల్లో ‘కాబట్టి’ అనే అర్థంలోనూ కనిపిస్తుంది.