అక్కకు షుగర్ వచ్చింది.. కవలనైన నాకూ తప్పదా?

ప్రశ్న: నా వయసు 41. మా అక్క, నేను కవలలం. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాం. ఈమధ్యే అక్కకు టైప్-2 షుగర్ ఉన్నట్టు తేలింది. ఇద్దరివీ ఒకే జన్యువులు కాబట్టి నాకూ తప్పదంటున్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. జన్యు పరీక్ష చేయించుకోవాలా? పిల్లల సంగతేంటి?
- ఓ పాఠకురాలు

జవాబు: తప్పదన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. మీకు ముప్పు ఎక్కువన్నది నిజమే. మామూలు అక్కచెల్లెళ్లతో పోలిస్తే, ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి టైప్-2 షుగర్ వస్తే రెండోవారికి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అయినా ఇలాంటి కవలల్లోనూ ఒకరికి వచ్చి, మరొకరికి రాకుండా ఉన్నవాళ్లు ఉన్నారు.

ఓసారి మీ అక్క వేలి కొన, మీ వేలి కొన పక్కపక్కన పెట్టి చూడండి. గీతల తీరు ఒకేలా అనిపిస్తుంది. కానీ ఏ గీత ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగింది అని పరీక్షగా చూస్తే తేడా తెలుస్తుంది. గర్భంలో మీరున్న తీరు, చుట్టూ ఉన్న ఒత్తిడి, ఎదిగిన వేగం కాస్త వేరు కావడం వల్లే ఇలా జరుగుతుంది. పుట్టకముందే ఇంత తేడా వస్తే, ఇన్నేళ్ల తిండి, నిద్ర, శ్రమ, కాన్పులు, వాడిన మందులు ఇంకెంత తేడా తెచ్చి ఉంటాయో ఆలోచించండి.

టైప్-2 షుగర్‌ను తెచ్చే జన్యువు ఫలానా అంటూ ఒకటి లేదు. వందలాది చిన్నచిన్న తేడాలు తలా కాస్త ముప్పు పెంచుతాయి. వీటిలో చాలావాటి ప్రభావం క్లోమం ఇన్సులిన్‌ను విడుదల చేసే సామర్థ్యం మీద పడుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ ఇవ్వాలి. సామర్థ్యం తక్కువున్నవారిలో అది త్వరగా చేతులెత్తేస్తుంది. అదే బరువున్న మరొకరిలో ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. అందుకే ఒక మనిషి షుగర్‌లో జన్యువుల వాటా ఇంత, అలవాట్ల వాటా ఇంత అని విడదీయలేం.

జన్యు పరీక్ష మీకు అక్కర్లేదు. దాని ఫలితం ఏదైనా మీరు చేయాల్సింది మారదు. పాతికేళ్లలోపే మొదలై, తరతరాలుగా కనిపించే ఎంఓడీవై అనే అరుదైన రకాన్ని అనుమానిస్తేనే అది పనికొస్తుంది. మీరు చేయించుకోవాల్సింది పరగడుపు గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపేది) పరీక్షలు. హెచ్‌బీఏ1సీ 5.7 శాతం కన్నా తక్కువుంటే నార్మల్. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కు ముందు దశ. 6.5, అంతకు మించితే మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. నార్మల్ వచ్చినా మీరు ఏటా చేయించుకోవడం మంచిది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

అమెరికాలో షుగర్ అంచున ఉన్న 3 వేల మందికి పైగా జరిపిన అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. ముప్పు పెంచే బలమైన జన్యు తేడా ఉన్నవారిలోనూ ఈ మార్పులు పనిచేశాయి. మీరు గట్టిగా పట్టుకోవాల్సింది దీన్నే.

పిల్లలు బరువు సరిగ్గా ఉండి, అతిదాహం, అతిమూత్రం లాంటి లక్షణాలేవీ లేకపోతే ఇప్పుడు పరీక్షలు అవసరం లేదు. పదేళ్లు దాటి, బరువు ఎక్కువున్నవారికి మాత్రం పిల్లల డాక్టరుతో మాట్లాడి ఒకసారి చేయించండి.