కోనసీమలో కేబుల్ తీగ లాగినప్పటి సంగతులు

"దూరదర్శన్ ఒక్కటే ఉన్న మన దేశంలో అంత తొందరగా ఇన్ని ప్రైవేటు ఛానళ్లు ఎలా వచ్చాయి? ప్రభుత్వం తలుపులు తెరిచిందా? దూరదర్శన్ అవసరం ఇంకా ఉందా?" అని అడిగారు. 1993 నుంచి పదహారేళ్లు అమలాపురం దగ్గర ఓ ఊళ్లో కేబుల్ నడిపినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ముందు తీగ వచ్చింది. చట్టం దాని వెనకాల వచ్చింది.

దూరదర్శన్ 1959లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్ కేంద్రం పనిచేయడానికి 1977 దాకా పట్టింది. 1982 ఆసియా క్రీడలతో రంగులొచ్చాయి, ఆ తర్వాత రెండు మూడేళ్లలో పట్టణాల్లో రిలే కేంద్రాలు వరసగా వెలిశాయి. మా ఊరికి మాత్రం సిగ్నల్ అరకొరగానే అందేది. కొబ్బరి చెట్లను దాటేంత ఎత్తున ఇనప గొట్టం నిలబెట్టి, దాని మీద యాంటెన్నా, కింద బూస్టర్. ఒకడు గొట్టం తిప్పుతుంటే లోపల్నుంచి "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది" అని కేకలు. 1987లో ఆదివారం ఉదయం రామాయణం వేళకి మా పెదనాన్న గారి వసారా నిండిపోయేది. హిందీ ఒక్క ముక్క రానివాళ్లు కూడా కదలకుండా కూర్చునేవారు. తెలుగు దొరికేది మాత్రం సాయంత్రం కాసేపే. ఏడింటికి శాంతిస్వరూప్ గారు చదివే వార్తలు, శుక్రవారం చిత్రలహరి. తెలుగు కోసం జనం మొహం వాచి ఉన్నారు. ప్రైవేటు ఛానళ్లు అంత వేగంగా పాకడానికి అసలు కారణం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

1991 గల్ఫ్ యుద్ధం అప్పుడు పెద్ద హోటళ్లలో సీఎన్ఎన్ చూశారు. తర్వాత స్టార్, 1992 అక్టోబరులో జీ. అప్పట్లో ప్రైవేటువాళ్లు మన గడ్డ మీద నుంచి అప్‌లింక్ చేయడానికి, అంటే ఉపగ్రహానికి సిగ్నల్ పంపడానికి, వీల్లేదు, జీ ప్రసారాలు హాంకాంగ్ నుంచి వచ్చేవి. ఆకాశం నుంచి పడే ఆ సిగ్నల్‌ని పట్టి ఇంటింటికీ పంచేవాడు కావాలి. ఉద్యోగాల్లేని మాలాంటి కుర్రాళ్లు ఊరూరా ఆ పనికి దిగారు. నేనూ మా బావా అప్పు చేసి డాబా మీద పన్నెండడుగుల డిష్ పెట్టాం. కరెంటు స్తంభాలూ కొబ్బరి చెట్లూ పట్టుకుని తీగ లాగాం. అరవై ఇళ్లు, ఇంటికి నెలకి యాభై రూపాయలు. లైసెన్సు ఏదని ఎవరూ అడగలేదు, అడగడానికి చట్టమే లేదు. 1995లో కేబుల్ చట్టం వచ్చాక పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించుకున్నాం. అదే ఏడాది ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రసారం మీద నడిచిన కేసులో, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ గుత్తసొత్తు కాదని సుప్రీంకోర్టు తేల్చింది.

1995లోనే జెమిని, ఆగస్టులో ఈటీవీ వచ్చాయి. స్టార్ వస్తుందన్నా పట్టించుకోని ఇళ్ల నుంచి ఆడవాళ్లే వచ్చి "మాకూ తీగ వెయ్యి బాబూ" అన్నారు. ఏడాదిలో మూడొందల కనెక్షన్లయ్యాయి. బాలు గారి పాడుతా తీయగా వచ్చే రోజు కరెంటు పోతుందేమోనని నాకు టెన్షన్. పోతే వీధి వీధంతా మా ఇంటికే వచ్చేది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కొట్టింది. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారేసరికి నిలబడ్డ స్తంభం ఒక్కటీ లేదు, నా తీగంతా కూలిన చెట్ల కింద ఉంది, డిష్ పక్క చేలో బోర్లా పడి ఉంది. పైకప్పు లేని ఇంటికి వెళ్లి కేబుల్ డబ్బులు ఎలా అడుగుతాం? ఆ నెల బాకీ మొత్తం కొట్టేశాం. కరెంటు లేని ఆ రోజుల్లో సాయం ఎక్కడ అందుతోందో మాకు చెప్పింది బ్యాటరీలతో నడిచే రేడియో, అంటే ఆకాశవాణి. డబ్బు కట్టలేనివాడి దగ్గరికి కూడా చేరే ప్రసారం విలువ నాకు అప్పుడు తెలిసింది. దూరదర్శన్ అవసరం ఇంకా ఉందా అన్న మీ చివరి ప్రశ్నకి నా జవాబు అందుకే "ఉంది".

ప్రైవేటు ఛానళ్లు మన భాషకి రోజంతా చోటిచ్చాయి. ఆ మేలు చిన్నది కాదు. కానీ నెల డబ్బులు ఆగగానే తీగ తీసేసేవాళ్లం, నేనూ తీసేశాను, ఇప్పటికీ ఆ ఇళ్లు గుర్తున్నాయి. ఇప్పుడు ఊళ్లో మా అమ్మ ఇంటి మీద దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ ఉంది, నెల నెలా కట్టాల్సింది లేదు. పక్కింట్లో కేబుల్ ఆగిపోయిన వారం వాళ్లమ్మాయి కూడా సాయంత్రం దూరదర్శన్ వాళ్ల తెలుగు ఛానల్ సప్తగిరి చూడ్డానికి అమ్మ దగ్గరికే వస్తుంది.