ఫెరిటిన్ 9 వచ్చింది, రాలిన జుట్టు మళ్ళీ వస్తుందా?

ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) తక్కువగా వచ్చి, నెల రోజులుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా దువ్వెన నిండా జుట్టే, ఇక రాదా అని అడిగారు. వస్తుంది చెల్లీ, నెలకి మాత్రం రాదు.

మాది పర్లాకిమిడి. మూడేళ్ళ కిందట నాదీ ఇదే గోల. మా అత్తగారు బోరు నీళ్ళ వల్లే అన్నారు. నేను రెండు రకాల నూనెలు, ఒక బయోటిన్ (జుట్టుకని అమ్మే విటమిన్) డబ్బా కొన్నాను. (థైరాయిడ్ పరీక్షకి వెళ్తే బయోటిన్ వాడుతున్నట్టు ముందే చెప్పండి, రిపోర్టు తప్పుగా రావచ్చు.) చివరికి బరంపురంలో చర్మం డాక్టరమ్మ జుట్టు చూడకముందే "నెలసరి ఎన్ని రోజులు?" అనడిగారు. ఎనిమిది. ఐరన్ పోతున్నది అక్కడే. ముందు దానికి మందు పడింది.

ఐరన్ తగ్గితే కుదుళ్ళు పెరగడం మానేస్తాయి, ఆ వెంట్రుకలు ఊడేది రెండు మూడు నెలలకి. మీకిప్పుడు రాలుతున్నది ఎప్పుడో పట్టు వదిలేసిన జుట్టు.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. రెండు నెలలకి హిమోగ్లోబిన్ 12 దాటగానే మాత్రలు ఆపేశాను. ముందు రక్తం సర్దుకుంటుంది, నిల్వ నిండేది ఆ తర్వాతే. ఫెరిటిన్ ఇంకా 18 దగ్గరే ఉంది. జుట్టు మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఆపకుండా వాడితే అయిదో నెలలో నుదుటి మీద పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా నాకు ముద్దొచ్చాయి.

మాత్రకీ టీకీ మధ్య కనీసం గంట, రెండు గంటలు ఎడం ఉండాలి. నేను నిమ్మరసంతో వేసుకునేదాన్ని. విరేచనం నల్లగా అయితే కంగారు పడకండి. మలబద్ధకం మరీ బాధిస్తే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ చోళ్ళ గొప్ప కాల్షియంలో, అదేమో ఐరన్ని ఒంటికి పట్టనివ్వదు. మాత్రతో పాటు తాగకండి. తినేవాళ్ళయితే వారానికోసారి మేక కార్జం.

మీ చెల్లికీ రక్తం తక్కువని అవే మాత్రలు ఇస్తున్నానన్నారు, అది మాత్రం ఆపండి. మీది రాయగడ. ఆ వైపు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు, ఆ జబ్బులోనూ రక్తం తగ్గుతుంది, కానీ ఐరన్ లోటు వల్ల కాదు. ముందు ఆమెకి ఫెరిటిన్, సికిల్ సెల్ పరీక్ష రెండూ చేయించండి.