అమెరికా ఎఫ్-35 ఫైటర్ ఉండగా ఫ్రాన్స్ రఫేల్ ఎందుకు కొన్నాం?

రాడార్‌కి దొరక్కుండా తిరగడంలో ఎఫ్-35దే పైచేయి, అందులో వాదనే లేదు. కానీ ఫైటర్ కొన్నాక ముప్పై నలభై ఏళ్లు స్పేర్లు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అన్నీ అమ్మినవాడి దగ్గర్నుంచే రావాలి, వాడికి కోపమొస్తే అంతే సంగతులు. టర్కీ ఎఫ్-35 తయారీలోనే భాగస్వామి, అయినా రష్యా ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థ కొన్నందుకు 2019లో అమెరికా బయటికి నెట్టేసింది. ఎస్-400లు మన దగ్గరా ఉన్నాయి మరి! 1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెడితే మన సొంత ఫైటర్ తేజస్ పనులు దెబ్బతిన్నాయి, ఫ్రాన్స్ మాత్రం ఆ దారి పట్టలేదు, మరుసటి ఏడాదే కార్గిల్‌లో వాళ్ల మిరాజ్ ఫైటర్లే మనకు పనికొచ్చాయి. 36 రఫేల్స్ కొనడం వెనక ఆ నమ్మకం కూడా ఉంది.

కొరిశపాడు హైవే రన్‌వే మీదుగా రష్యా సుఖోయ్ ఫైటర్లు ఎగిరినప్పటి నుంచి మా గుంటూరులో చాలామంది "రష్యావే బెస్ట్" అంటారు గానీ, యుక్రెయిన్ యుద్ధం వచ్చాక అక్కడి స్పేర్లూ ఆలస్యమయ్యాయి. సొంత తేజస్‌కీ ఇంజిన్ అమెరికా కంపెనీ జీఈదే.