మగపిల్లికి మూత్రం బిగిస్తే తప్పు ఆహారానిదేనా?

ముందు ఒక మాట. మీ పిల్లి ఇసుక పెట్టెలోకి పదేపదే వెళ్లి, ముక్కి ముక్కి చుక్కయినా పోయకుండా వస్తుంటే, ఇది చదవడం ఆపి వెంటనే పశువైద్యుడి దగ్గరికి బయలుదేరండి. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. పూర్తిగా మూసుకుపోతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

దుకాణంలో కిలో లెక్కన విడిగా కొన్న చవక పిల్లి ఆహారపు గుళికల వల్లే మూత్రంలో నాళానికి అడ్డుపడే స్ఫటికాలు వచ్చాయా అని అడిగారు. కావచ్చు. ధర ఒక్కటే చూసి తేల్చలేం. గుళికల్లో తేమ సుమారు 10 శాతమే. పిల్లి స్వతహాగా నీళ్లు తక్కువ తాగుతుంది, మూత్రం చిక్కబడుతుంది. ఖరీదైన గుళికలకూ ఈ లోపం ఉంది. తడి ఆహారం పెంచండి, గుళికలైతే నీళ్లలో నానబెట్టండి. విసిగిపోయి పెరుగన్నానికి మాత్రం మారకండి. పిల్లికి టారిన్ అనే పోషకం ఆహారంలోనే అందాలి, అది మాంసంలో ఉంటుంది. పేరున్న కంపెనీల ఆహారంలోనూ అది చాలక పిల్లుల గుండె దెబ్బతింటోందని 1987లో అమెరికాలో బయటపడింది. ఆ తర్వాతే మోతాదు పెంచారు.

ఇక బాధ్యత. విడిగా అమ్మిన సరుకుకు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండవు కాబట్టి కంపెనీ సులువుగా చేతులు దులుపుకుంటుంది. ముందు దుకాణదారుణ్ణే నిలదీయండి. మిగిలిన గుళికలు, రసీదు, వైద్యుడి నివేదిక దాచిపెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆహారానికీ జబ్బుకూ సంబంధం ఉందని వైద్యుడు రాసివ్వకపోతే మాత్రం కేసు నిలవడం కష్టం.